ఈస్టు బిళ్లలు - సూక్ష్మ ఖనిజములు

శరీరమునకు మిగుల స్వల్ప ప్రమాణములో మాత్రమే కావలసిన ఖనిజములు కొన్ని కలవు. వానిని సూక్ష్మ ఖనిజములందురు. జింకు, సెలీనియము అట్టివి. జింకు దినమునకు కొన్ని మిల్లీగ్రాములును, సెలీనియము కొన్ని పదుల మైక్రోగ్రాములును చాలును. ఆ కొంచెము జింకు లోపించినను పిల్లల యెదుగుదల మందగించును. గాయములు త్వరగా మానవు. అంటువ్యాధుల నెదుర్కొను శక్తి తగ్గును.

లోపమేల కలుగును?

ఛత్తీస్‌గఢ్ రాజధానియగు రాయ్‌పూర్ చుట్టునున్న మైదానము వరిపంటకు ప్రసిద్ధి చెందినది. అచ్చటి జనులకును, తెలుగువారికివలెనే, అన్నమే ప్రధానాహారము. బియ్యమును తెల్లగా మరపట్టించినపుడు తవుడుతోపాటు జింకు కొంత పోవును. ధాన్యములలోను, పప్పులలోను ఉండు ఫైటేటు అను పదార్థము మిగిలిన జింకును శరీరమునకు పూర్తిగా అందనీయదు. కావున కడుపు నిండినను లోపము తీరకపోవచ్చును.

ఈస్టు చేయు పని

రొట్టెపిండిని పొంగించు సూక్ష్మజీవియే ఈస్టు. చక్కెర మిల్లులలో మిగులు మడ్డిపై దీనిని పెంచుచు, జింకు లేక సెలీనియపు లవణములను మితముగా చేర్చుదురు. ఈస్టు కణములు వానిని గ్రహించి తమ మాంసకృత్తులతో కలుపుకొనును. పిదప ఆ ఈస్టును వేడిచే నిర్జీవముగావించి, ఎండబెట్టి, బిళ్లలుగా చేయుదురు. ఒకప్పుడు విషముగా మాత్రమే యెంచబడిన సెలీనియము ప్రాణులకు అవసరమని 1957లో అమెరికాలో క్లాస్ ష్వార్జ్ ఎలుకలపై జరిపిన పరిశోధనల వలన తెలిసినది.

జాగ్రత్తలు

ఈ బిళ్లలు ఆహారమునకు తోడే గాని బదులు కావు. సెలీనియము పెద్దలకు దినమునకు 400 మైక్రోగ్రాములు మించరాదు. మితిమీరి చాలకాలము వాడినచో జుట్టు రాలును, గోళ్లు పెళుసుబారును, శ్వాస వెల్లుల్లి వాసన వేయును. గౌటు అను కీళ్లవ్యాధి గలవారును, గర్భిణులును వైద్యుని సలహా లేనిదే ఈస్టు బిళ్లలు వాడరాదు.

విరేచనములగు పిల్లలకు ఈస్టు బిళ్లలిచ్చి కాలయాపన చేయుట ప్రమాదకరము. వారికి ఓ.ఆర్.ఎస్. ద్రావణముతోపాటు జింకు మాత్రలు 14 దినములు ఈయవలెను. 2 మాసములు మొదలు 6 మాసముల లోపు శిశువులకు దినమునకు 10 మిల్లీగ్రాములు, అంతకు పైబడిన పిల్లలకు 20 మిల్లీగ్రాములు మోతాదు. విరేచనములు కట్టినను మాత్రలను నడుమ మానరాదు.

ఆహారమే మూలము

జింకు అధికముగా గల వరి వంగడములు నేడు కలవు. రాయ్‌పూర్‌లోని ఇందిరాగాంధీ కృషి విశ్వవిద్యాలయమువారి ‘ఛత్తీస్‌గఢ్ జింక్ రైస్-1’ 2015లోను, హైదరాబాదులోని భారత వరి పరిశోధన సంస్థవారి ‘డి.ఆర్.ఆర్. ధాన్ 45’ 2016లోను విడుదలైనవి. ఈ రెండవ దానిలో, మరపట్టిన పిదపకూడ, కిలో బియ్యమునకు సుమారు 22 మిల్లీగ్రాముల జింకుండును. సాధారణ రకములలో 12 మొదలు 16 వరకే యుండును.

గృహిణులు చేయదగినదియు కలదు. పప్పుధాన్యములను నానబెట్టుట, మొలకెత్తించుట, ఇడ్లీ పిండివలె పులియబెట్టుట వలన ఫైటేటు తగ్గి జింకు బాగుగా వంటబట్టును. గ్రుడ్లు, మాంసము, పాలు, నువ్వులు, శనగలు శక్తికొలది భుజింపవలెను. లోపమును వైద్యుడు నిర్ణయించిన పిమ్మటనే బిళ్లల నాశ్రయింపవలెను.