పిల్లల లాప్‌టాప్ అమ్మాలంటే

చిరంజీవి లలితకు మామయ్య ఆశీస్సులు.

పిల్లల కోసం చవక లాప్‌టాప్ తయారుచేసి, బళ్లకే కాకుండా బజారులో అందరికీ అమ్మాలని ఉందని రాశావు. చాలా సంతోషం తల్లీ. ధర ఎంత పెట్టాలని అడిగావు. దాని కంటే ముందు, ఈ దారిలో నడిచినవాళ్ల సంగతి విను.

ఎంఐటీకి చెందిన నికొలస్ నెగ్రొపాంటే వంద డాలర్ల లాప్‌టాప్ తెస్తామని 2005లో ప్రకటించాడు. అందుకోసం పెట్టిన సంస్థ పేరు వన్ లాప్‌టాప్ పర్ చైల్డ్. ప్రభుత్వాలు లక్షల్లో కొంటాయని, విడిగా అమ్మనక్కర్లేదని అనుకున్నారు. మన కేంద్ర ప్రభుత్వం 2006లోనే వద్దంది. లక్షల ఆర్డర్లు వస్తేనే ధర దిగుతుంది, ధర దిగితేనే ఆర్డర్లు వస్తాయి. ఈ చిక్కుముడి వీడక, తయారీ ఖర్చే 188 డాలర్ల దగ్గర తేలింది.

అప్పుడు జనం దగ్గరికి వచ్చారు. 2007 నవంబరు 12న అమెరికా, కెనడాల్లో ఒక పథకం మొదలుపెట్టారు. 399 డాలర్లు కడితే ఒక లాప్‌టాప్ పేద దేశంలోని బిడ్డకు, ఇంకొకటి కొన్నవాళ్లకు. జనం ఉత్సాహంగా డబ్బు కట్టారు. కానీ చాలామందికి పెట్టె నెలల తరబడి ఇంటికి చేరలేదు. మరుసటి ఏడాది అదే పథకాన్ని అమెజాన్ ద్వారా పెడితే అమ్మకాలు బాగా పడిపోయాయి. ఈలోగా ఆసుస్ లాంటి కంపెనీలు చిన్న లాప్‌టాప్‌లను మామూలు దుకాణాల్లోనే పెట్టేశాయి.

వస్తువులో లోపం లేదమ్మా. అమెరికా నుంచి ఒక స్నేహితుడు తెచ్చినది నా బీరువాలో ఉంది. ఆకుపచ్చ, తెలుపు రంగులు, కుందేలు చెవుల్లా లేచే యాంటెన్నాలు, నీళ్లూ దుమ్మూ దూరని రబ్బరు కీబోర్డు. ఎండలో పెట్టినా తెర మీద అక్షరాలు కనిపిస్తాయి. పిడి లోపల విడి మరలు కూడా దాచారు, పిల్లలు తామే విప్పి బాగుచేసుకోవాలని. అంత ముందుచూపుతో చేసినవాళ్లు, కొన్నవాడికి అది ఎప్పుడు అందుతుంది, పాడైతే ఎవరి దగ్గరికి వెళ్లాలి అన్నవాటి మీద అంత శ్రద్ధ పెట్టలేదు.

విజయవాడలో నా రిపేరు షాపు ఇరవై ఏళ్లు నడిచింది కదా. ఒకసారి ఒక ఆటోడ్రైవరు కూతురి కోసం కొన్న చవక టాబ్లెట్ తెచ్చాడు. ఛార్జింగ్ పిన్ను ఊడింది, అంతే. దానికి సరిపడే పిన్ను ఎక్కడా దొరకలేదు. కంపెనీ ఫోను ఎత్తలేదు. ఆయన దాన్ని మళ్లీ అట్టపెట్టెలో సర్ది, టేపు అంటించి, చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు. ఆ నడక నాకిప్పటికీ కళ్లకు కట్టినట్టుంది.

ప్రభుత్వానికి అమ్మితే ఒక్క సంతకంతో బేరం ముగుస్తుంది. జనానికి అమ్మితే అసలు పని ఆ రోజే మొదలవుతుంది. అందుకని బ్యాటరీ, కీబోర్డు, ఛార్జరు, పిన్ను ఏ ఊళ్లో ఏ షాపులో ఎంతకు దొరుకుతాయో ముందు రాసి నాకు పంపు. ధర సంగతి ఆ కాగితం చూశాక మాట్లాడుకుందాం.

నీ మామయ్య