పాత వ్యాన్ రోజూ స్టార్ట్ అవ్వాలంటే

రీల్స్‌లో కనిపించే క్యాంపర్ వ్యాన్‌కి తెల్లటి కర్టెన్లుంటాయి, చెక్క బల్ల ఉంటుంది, వెనక డోరు తీస్తే సముద్రం కనిపిస్తుంది. సోమవారం పొద్దున్నే ఆఫీసు వేళకి ఆ బండి స్టార్ట్ అవుతుందా అన్నది ఎవరూ చూపించరు. ఆటోమొబైల్ రంగంలోకి వద్దామనుకునేవాళ్లకు పని దొరికేది మాత్రం ఆ ప్రశ్న దగ్గరే.

ఈ ముచ్చటకు మూలం జర్మనీ. ఫోక్స్‌వ్యాగన్ టైప్ 2 వ్యాన్ తయారీ 1950లో మొదలైంది. మరుసటేడే వెస్ట్‌ఫాలియా అనే సంస్థ అందులో పడక, అలమర బిగించి క్యాంపర్లు చేయసాగింది. బ్రెజిల్‌లో ఆ వ్యాన్ 2013 దాకా తయారైంది. బ్రిటన్‌లోనైతే 40 ఏళ్లు దాటి, పెద్దగా మార్పులు చేయని బళ్లకు 2018 నుంచి ఏటా జరిగే ఎంఓటీ తనిఖీ తప్పనిసరి కాదు. తనిఖీ లేనప్పుడు బండి భద్రత పూర్తిగా ఓనర్ నెత్తిన పడుతుంది. అతనికి కావాల్సింది షోకులు చేసే డెకరేటర్ కాదు, నమ్మకంగా చూసే మెకానిక్.

ఆ మెకానిక్‌కి ఏం తెలిసుండాలి? ఈ వ్యాన్ పాత మోడళ్లలో ఇంజిన్ వెనక ఉంటుంది, రేడియేటర్ ఉండదు, ఫ్యాన్ గాలితోనే చల్లబడుతుంది. ఇంజిన్ చుట్టూ ఉన్న రేకులు, రబ్బరు సీళ్లు కింది వేడిగాలిని పైకి రానివ్వవు. ఒక సీలు ఊడిపోయినా ఆ వేడిగాలినే ఫ్యాన్ మళ్లీ లోపలికి లాక్కుంటుంది. ఇది తెలియనివాడు కార్బ్యురేటర్ మార్చి బిల్లు వేస్తాడు, బండి మళ్లీ వేడెక్కుతుంది. పార్టులు మార్చడం ఆరు నెలల్లో ఎవరికైనా వస్తుంది. తప్పు ఎక్కడుందో పట్టుకోవడానికే జీతం.

వ్యాన్ చేతికి రాగానే ముందు చూడాల్సింది పెట్రోలు పైపులు. పాత రబ్బరుకి ఇథనాల్ పడదు, పగుళ్లు వస్తాయి, వేడి ఇంజిన్ మీద కారితే మంటలే. మన బంకుల్లోనూ ఇప్పుడు 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలే పోస్తున్నారు కాబట్టి పాత ఓమ్నీల విషయంలోనూ ఈ జాగ్రత్త కావాలి. తర్వాత బ్రేకులు. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ఏళ్ల తరబడి మార్చకపోతే లోపలి పైపులకే తుప్పు పడుతుంది. ఆ తర్వాత బాడీ. తలుపుల కింది అంచులు, జాకీ పెట్టే చోట్ల అయస్కాంతం పెట్టి చూడండి. అంటుకోలేదంటే రంగు కింద రేకు లేదు, లప్పం ఉంది.

అన్నిటికన్నా ఓపిక కావాల్సింది వైరింగ్‌కి. చేతులు మారిన ప్రతిసారీ ఎవరో ఒకరు ఒక వైరు కత్తిరించి టేపు చుట్టి ఉంటారు. హెడ్‌లైట్ మసకగా వెలిగితే బల్బు మార్చేముందు మల్టీమీటర్‌తో ఎర్త్ చూడండి. చాలాసార్లు దొంగ అక్కడే దొరుకుతాడు. ఫ్రిజ్‌కి, లైట్లకి వేరే బ్యాటరీ పెట్టి, ఇంజిన్ ఆగగానే రిలే దాన్ని విడదీసేలా చేయాలి. లేకపోతే రాత్రంతా ఫ్యాన్ వేసుకుని, పొద్దున్నే బండి తోయాలి. కర్టెన్లు ఆఖరి పని.

చదువు సంగతికొస్తే, పదో తరగతి తర్వాత ఐటీఐలో మెకానిక్ మోటార్ వెహికల్ రెండేళ్లు, డీజిల్ మెకానిక్ ఏడాది, వెల్డర్ ఏడాది. డిప్లొమాకి పాలీసెట్, ఆపై ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాదిలో చేరొచ్చు. నన్నడిగితే, మెకానిక్ కోర్సుతోపాటు వెల్డింగ్ కూడా వచ్చినవాడికి ఈ పనిలో తిరుగుండదు. రేకు పని చూడాలంటే విజయవాడ ఆటోనగర్‌లో బాడీ బిల్డింగ్ షెడ్లున్నాయి. అక్కడి మేస్త్రీలు కొలిచే తీరు ఏ పాఠ్యపుస్తకంలోనూ ఉండదు.

మన దగ్గర సొంతంగా షాపు పెట్టేవాళ్లు చట్టం కూడా చదవాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్‌లో ఉన్న వివరాలు కంపెనీ ఇచ్చిన లెక్కతో తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. కారవాన్లకు ఏఐఎస్-124 అని ప్రత్యేక ప్రమాణముంది. సొంత బళ్ల రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు దాటితే అయిదేళ్లకోసారి రెన్యువల్ చేయించాలి. కస్టమర్ అడిగాడని పడకలు బిగించేసి, ఆర్టీఏ ఆఫీసులో ఇరుక్కున్నాక తల పట్టుకుంటే లాభం లేదు.

పాత బళ్ల పునరుద్ధరణనే డిగ్రీగా చదవాలంటే అమెరికాలో కాన్సాస్ రాష్ట్రంలోని మెక్‌ఫెర్సన్ కాలేజీలో నాలుగేళ్ల కోర్సుంది. ఖర్చు మాత్రం చాలానే. అప్పు చేసే ముందు ఇక్కడే ఒక పాత ఓమ్నీ తీసుకుని, వైరింగ్ మొత్తం విప్పి, ప్రతి వైరుకీ పేరు రాసి, ఫొటో తీసి, మళ్లీ బిగించి చూడండి. ఆ నోటుబుక్కు ఇంటర్వ్యూకి పట్టుకెళ్లండి. సర్టిఫికెట్ కన్నా ముందు సర్వీస్ మేనేజర్ తిరగేసేది దాన్నే.