కిలిమంజారో కన్నా ముందు మౌలాలి గుట్ట

సఫిల్‌గూడ చెరువు దగ్గర పొద్దున నడిచేవాళ్లలో ఈమధ్య కాశీ, చార్‌ధామ్‌తో పాటు కిలిమంజారో మాట కూడా వినబడుతోంది. పిల్లలు టికెట్లు తీస్తామంటారు, పెద్దలు సరే అంటారు. మల్కాజ్‌గిరిలోనే ఉంటూ ఆ కొండా, అక్కడి సఫారీ అడవీ చూసొచ్చినవాణ్ని కనుక, అడిగినవాళ్లకు చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను.

1. ఎక్కడైనా మిగుల్చుకోండి గానీ రోజుల దగ్గర కాదు.
టాంజానియాలోని కిలిమంజారో ఎత్తు 5,895 మీటర్లు. మన మల్కాజ్‌గిరి ఐదువందల చిల్లర. శిఖరం మీద ఊపిరికి అందే ప్రాణవాయువు సముద్రమట్టంలో అందేదాంట్లో ఇంచుమించు సగమే. తాళ్లూ గొడ్డళ్లూ లేకుండా నడిచి ఎక్కే కొండ కాబట్టి మనవాళ్లకు తేలిగ్గా కనబడుతుంది. పార్కు రుసుము రోజు లెక్కన కట్టాలి. అందుకే ఐదు రోజుల ప్యాకేజీ చౌక. ఆ చౌకే కొంప ముంచుతుంది. ఏడెనిమిది రోజులది తీసుకోండి. మచామె దారిలో ఒకరోజు సుమారు 4,600 మీటర్ల లావా టవర్ దాకా ఎక్కించి, ఆ సాయంత్రమే 3,900 మీటర్ల చిల్లరలో ఉన్న బరాంకోకు దింపి పడుకోబెడతారు. చెమటోడ్చి ఎక్కిందంతా మళ్లీ దిగడమేంటని మనవాళ్ల గొణుగుడు. ఒంటికి ఎత్తు అలవాటయ్యేది అలాగే. గైడు ‘పోలె పోలె’ అంటాడు, మెల్లగా మెల్లగా అని. వయసులో ఉన్నవాళ్లే ఆ మాట వినరు, తలనొప్పీ వాంతులూ ముందు వాళ్లకే మొదలవుతాయి.

2. సాధన ఇంటి దగ్గరే.
మౌలాలి గుట్టకు మెట్లున్నాయి కదా. వీపున సంచీ, అందులో నిండు నీళ్లసీసాలు వేసుకుని వారానికి మూడు నాలుగుసార్లు ఎక్కి దిగండి. అసలు పరీక్ష దిగడంలో ఉంది. శిఖరం చూసిన రోజే రెండువేల మీటర్లకు పైగా దిగాలి, అక్కడే మోకాళ్లు ఏడుస్తాయి. రెండు చేతికర్రలు పట్టుకెళ్లండి. కొత్త బూట్లు కొండమీద తొడగొద్దు, ఆనంద్‌బాగ్ వీధుల్లోనే అరగదీయండి. కాలిగోళ్లు పొట్టిగా కత్తిరించుకోండి, లేదంటే దిగేటప్పుడు బూటు ముందుభాగానికి కొట్టుకుని నల్లబడతాయి. మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కినప్పుడు వయసు 13 ఏళ్ల 11 నెలలు. దానికి ముందు భువనగిరి గుట్ట మీదా, డార్జిలింగ్‌లో, లడఖ్‌లో శిక్షణ. 2016లో కిలిమంజారో కూడా ఎక్కింది. ఆ వయసు పిల్లకే అంత తర్ఫీదు కావలసివస్తే మన సంగతి వేరే చెప్పాలా?

3. సూది, మందులు.
దారిలో కెన్యాలో అడుగు పెడితే ఎల్లో ఫీవర్ టీకా కార్డు తప్పనిసరి అనుకోండి. అది లేకుండా తిరిగొస్తే మన విమానాశ్రయంలోనే ఆపి క్వారంటైన్‌లో పెడతారు. నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో వేస్తారు. కనీసం పది రోజుల ముందే వేయించుకోవాలి. ఒకసారి వేసుకుంటే జీవితాంతం చెల్లుతుంది. అరవై దాటినవాళ్లు మాత్రం ముందు డాక్టరుతో మాట్లాడాలి, ఆ వయసులో ఈ టీకాతో ఇబ్బందులు కాస్త ఎక్కువ. మలేరియా మాత్రలూ ఆయన్నే అడగండి. ఎత్తుకు వాడే డయామాక్స్ సల్ఫా పడనివాళ్లకు పనికిరాకపోవచ్చు, పైగా రాత్రంతా టెంటు బయటికి పరుగులే. బీపీ, షుగరు మాత్రలు చేతిసంచీలో ఉండాలి, లగేజీలో కాదు.

4. సామాను.
చక్రాల సూట్‌కేసు ఇంట్లోనే వదిలేయండి, మెత్తటి డఫెల్ సంచీ కొనండి. కెన్యాలో 2017 నుంచి, టాంజానియాలో 2019 నుంచి ప్లాస్టిక్ క్యారీ బ్యాగుల మీద నిషేధం. ఆవకాయా, కరివేపాకు పొడీ కవర్లలో చుట్టొద్దు, మూత గట్టి డబ్బాల్లో పెట్టండి. డాలర్లు కొత్త నోట్లే తీసుకోండి, పాతవి అక్కడ చాలాచోట్ల పుచ్చుకోరు.

5. శిఖరం రాత్రి.
అర్ధరాత్రి బయలుదేరతారు. సున్నాకు పది, పదిహేను డిగ్రీలు దిగువ చలి. నీళ్లసీసాను సంచీలో తలకిందులుగా పెట్టండి. నీళ్లు పైనుంచి గడ్డకడతాయి, మూత దగ్గర కట్టవు. ఫోనూ బ్యాటరీలూ జాకెట్ లోపల, ఒంటికి ఆనించి. గైడు దిగమంటే దిగిపోవాలి. 2006లో ఏడు ఖండాల శిఖరాలు 172 రోజుల్లో ఎక్కిన మన నెల్లూరు బిడ్డ మల్లి మస్తాన్ బాబు 2015లో ఆండీస్‌లో ప్రాణం కోల్పోయాడు. అంతటి అనుభవం ఉన్నవాడికే తప్పనిది మనకు తప్పుతుందా? బీమా పాలసీ కూడా చదవండి, చాలావాటిలో కొండెక్కడం మినహాయింపుల్లో ఉంటుంది.

6. సఫారీ కొండ తర్వాతే.
అలసిన కాళ్లకు జీపు సుఖం. నీలం, నలుపు బట్టలకు సెట్సీ ఈగలు మూగుతాయి, ఖాకీ రంగే మేలు. సఫారీలో చూసే గోరోంగోరో బిలం అంచు సుమారు 2,300 మీటర్ల ఎత్తు, పొద్దున వణికిస్తుంది. సింహం కోసం డ్రైవర్‌ను తొందరపెట్టకండి. ఏనుగుల మందను పావుగంట చూడలేనివాళ్లు అంత దూరం వెళ్లడం దండగని నా అభిప్రాయం.

7. మోసేవాళ్లు.
ఒక్కో పోర్టరు మోసే బరువుకు 20 కిలోల పరిమితి ఉంది, మీ సంచీ కూడా అందులోనే. కంపెనీ ఆ లెక్క పాటిస్తుందో లేదో, వాళ్లకు కూలీ ఎంతిస్తుందో బుక్ చేసేముందే అడగండి. టిప్పు డబ్బు ఇంటి దగ్గరే లెక్కేసి విడి కవరులో పెట్టుకోండి. చివరిరోజు వాళ్లతో బేరమాడకండి.