పక్కనుంచి తగిలిన దెబ్బ – పాల పుస్తకం చెప్పే సాక్ష్యం



కర్దనూర్ వంటి ఊళ్ళలో సంఘానికి పాలు పోసే వేళ, కార్ఖానాల్లో షిఫ్టు మారే వేళ ఇంచుమించు ఒక్కటే. తెల్లవారుజామున పాల క్యాను కట్టుకొని ఊరి బాటనుంచి పెద్ద రోడ్డు మీదికి వచ్చే సభ్యునికి, పటాన్‌చెరు పారిశ్రామికవాడ వైపు పరుగుతీసే కార్లు, బస్సులు, లారీలు అడ్డం తగులుతాయి. కూడలిలో పక్కనుంచి గుద్దిన దెబ్బ చెడ్డది. కారుకు ముందువైపు ఇంజను భాగం ఉండి దెబ్బను కొంత మింగుతుంది. పక్కన తలుపు తప్ప వేరే అడ్డు లేదు. మోటారు సైకిలు మీద ఉన్నవానికి ఆ తలుపు కూడా లేదు. మొదట నలిగేది కాలే.

ఇటువంటి ప్రమాదంలో గాయపడినవారికి, మరణించినవారి కుటుంబానికి పరిహారం కోరే హక్కు 1988 నాటి మోటారు వాహనాల చట్టం ఇచ్చింది. ఆ పరిహారం రెండు ప్రశ్నల మీద ఆధారపడి ఉంటుంది. తప్పెవరిది? నష్టమెంత? మొదటి ప్రశ్నకు జవాబు రోడ్డు మీద దొరుకుతుంది. రెండవదానికి జవాబు చాలావరకు మన సంఘం రిజిస్టరులోనే ఉన్నది. ఈ సంగతి తెలియక నష్టపోకూడదనే ఈ పాఠం.

తప్పెవరిది?

పక్కనుంచి గుద్దిన ప్రతి కేసులోను ఎదుటివారు చెప్పే మాట ఒక్కటే: "ఆయనే అడ్డం వచ్చాడు." చిన్న బాటనుంచి పెద్ద రోడ్డు ఎక్కేవారు ఆ రోడ్డు మీద పోయే బండికి దారి ఇవ్వాలన్నది నిజమే. కాని పెద్ద రోడ్డు మీద వచ్చేవారు కూడా కూడలి దగ్గర వేగం తగ్గించాలన్నదీ అంతే నిజం. ఇద్దరి తప్పూ ఉన్నదని తేలితే, గాయపడినవారి తప్పు ఎంత పాలో అంత పరిహారంలో కోత పడుతుంది. అందుచేత బండ్లను పక్కకు తీయకముందే ఈ క్రింది పనులు చేయించవలెను.

1. బండ్లు ఆగిన చోటు, టైర్ల గీతలు, పగిలిన అద్దం పడిన చోటు, సొట్ట పడిన పక్క ఫోటోలు తీయించాలి. సొట్ట ఎక్కడ పడిందో చూస్తే ఎవరు ముందుగా కూడలిలోకి వచ్చారో చాలావరకు తెలుస్తుంది.

2. చూసినవారి పేర్లు, ఫోను నంబర్లు రాసుకోవాలి. సాయం చేసినవారిని వేధించకుండా చట్టంలో 134-ఎ సెక్షను ఉన్నది. ఆ ధైర్యం వారికి చెప్పండి.

3. మన ప్రాంతంలో కార్ఖానా గేట్ల వద్ద కెమెరాలు ఉంటాయి. వాటిలోని దృశ్యాలు కొన్నాళ్ళకు చెరిగిపోతాయి. వెంటనే సేకరించమని పోలీసులకు రాతపూర్వకంగా అర్జీ ఇవ్వాలి.

4. ఫిర్యాదులో ఏ వైపునుంచి వస్తున్నారు, ఏ పక్క దెబ్బ తగిలింది అన్నది స్పష్టంగా రాయించాలి. చదవకుండా, చదివించుకోకుండా సంతకం పెట్టవద్దు. ఎఫ్.ఐ.ఆర్. నకలు ఫిర్యాదుదారుకు ఉచితంగా ఇవ్వాలి.

గాయపడినవారు కారులో ప్రయాణీకులైతే వారి తప్పు ప్రశ్నే రాదు. రెండు బండ్ల డ్రైవర్లదీ తప్పయినప్పుడు, ఏ ఒక్కరి వద్దనుంచైనా పూర్తి పరిహారం కోరవచ్చునని 2015లో సుప్రీంకోర్టు తేల్చింది.

వైద్యం

పైకి గాయం కనబడకున్నా ఆనాడే ఆసుపత్రికి పోవాలి. పక్క దెబ్బలో పక్కటెముకలు, కటి ఎముక, కడుపులోని అవయవాలు దెబ్బతినవచ్చును. రోడ్డు ప్రమాదమని ఆసుపత్రి రికార్డులో రాయించాలి. 2025 మే నెలలో వచ్చిన కేంద్ర పథకం ప్రకారం, గుర్తింపు పొందిన ఆసుపత్రులలో ప్రమాదం జరిగిన నాటినుంచి 7 రోజుల వరకు, 1.5 లక్షల రూపాయలకు మించకుండా, నగదు కట్టకుండా చికిత్స పొందవచ్చును. మందుల బిల్లులు, ఆటో కిరాయి రసీదులు కూడా దాచిపెట్టండి.

నష్టమెంత?

ఇక్కడే మన సభ్యులు ఎక్కువగా దెబ్బతినే అవకాశమున్నది. జీతగానికి జీతపు చీటీ ఉంటుంది. పాడి రైతు "నెలకింత వస్తుంది" అని నోటితో చెబితే ట్రిబ్యునల్ తనకు తోచిన తక్కువ అంకె వేసుకోవచ్చును. కాగితం లేనంత మాత్రాన హక్కు పోదు. 2014లో కాలు పోగొట్టుకున్న ఒక కూరగాయల వ్యాపారి కేసులో సుప్రీంకోర్టు, రుజువు పత్రాలు లేకున్నా నెలకు 6,500 రూపాయల ఆదాయాన్ని ఒప్పుకొన్నది. అయినా కాగితం ఉన్నవాని మాటకు బలమెక్కువ.

ఒక లెక్క చూద్దాం. ఒక సభ్యునికి 38 ఏళ్ళనుకోండి. దాణా, గడ్డి ఖర్చులు పోను నెలకు 15,000 రూపాయలు మిగులుతున్నవి. కాలు విరిగి, పని చేసే శక్తిలో 30 శాతం శాశ్వతంగా పోయింది. 2017 నాటి ప్రణయ్ సేఠీ తీర్పు ప్రకారం, స్వంత పని చేసుకొనే 40 ఏళ్ళలోపు వారి ఆదాయానికి మున్ముందు పెరుగుదల కింద 40 శాతం కలుపుతారు. నెలకు 21,000, ఏడాదికి 2,52,000. అందులో 30 శాతం 75,600. 2009 నాటి సరళా వర్మ తీర్పు ప్రకారం 36 నుంచి 40 ఏళ్ళవారికి హెచ్చవేత అంకె 15. మొత్తం 11,34,000 రూపాయలు.

అదే సభ్యుడు ఆదాయం రుజువు చేయలేక, ట్రిబ్యునల్ నెలకు 8,000 మాత్రమే లెక్కగట్టిందనుకోండి. అప్పుడు వచ్చేది 6,04,800. తేడా 5,29,200 రూపాయలు. పాల పుస్తకం పారేసుకున్నందుకు ఇంత మూల్యం! ఆపైన "అడ్డం వచ్చాడు" అన్న మాట నిలిచి 20 శాతం కోత పడితే, మొదటి లెక్కలోనే 2,26,800 పోతుంది. వైద్యపు ఖర్చు, అనుభవించిన బాధ, మంచాన పడిన కాలపు నష్టం వీటికి వేరుగా కోరవచ్చును.

డాక్టరు ఇచ్చే వైకల్య శాతం, పనిలో పోయిన శక్తి ఒకటి కావు. కాలికి 30 శాతం వైకల్యమని రాసినా, గేదె దగ్గర గొంతుకూర్చొని పాలు పితికేవానికి నష్టం అంతకు మించి ఉండవచ్చును. ఈ తేడా చూడాలని 2010లోనే సుప్రీంకోర్టు చెప్పింది. మీ పని ఎట్టిదో వకీలుకు విడమరచి చెప్పండి.

"గేదెలు ఇంకా ఉన్నవి కదా, ఇంటివారు పాలు పోస్తున్నారు కదా" అన్న వాదం కూడా వస్తుంది. దానికి జవాబు కూలిమనిషికి ఇచ్చిన జీతపు లెక్క. ఇంట్లో ఆడవారు గాయపడినా ఇదే సంగతి. ఇంటిపనికీ విలువ కట్టాలని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది. దానికి తోడు పశువుల పనంతా ఆమెదైతే ఆ ఆదాయమూ చూపాలి. పాలు ఎవరు పోస్తే పుస్తకం వారి పేర ఉండటం ఇందుకే మంచిది.

సంఘం చేయవలసినది

కార్యదర్శులకు మా మనవి. బాధిత సభ్యుని పాల పరిమాణం, వెన్న శాతం, చెల్లించిన సొమ్ము నెలవారీగా కనీసం ఒక ఏడాదికి రాసి, సంతకం, ముద్ర వేసి ఇవ్వండి. ప్రమాదం తర్వాత పాలు తగ్గి ఉంటే ఆ నెలలవీ ఇవ్వండి. జాలితో లేని పాలు మాత్రం రాయవద్దు. ట్రిబ్యునల్ రిజిస్టరు తెప్పిస్తే ఒక్క అబద్ధం నిజమైన లెక్కనంతా ముంచుతుంది; సంఘం పరువూ పోతుంది.

అర్జీ, గడువు

అర్జీ 166వ సెక్షను కింద వేయాలి. ప్రమాదం జరిగిన చోట గాని, మీరు నివసించే చోట గాని వేయవచ్చును. మనకు సంగారెడ్డి జిల్లా కోర్టు దగ్గర. డ్రైవరును, యజమానిని, బీమా కంపెనీని ముగ్గురినీ చేర్చండి. గడువు 6 నెలలు. గడువు దాటిన ఒక్క కారణంతో అర్జీలు కొట్టివేయవద్దని 2025 నవంబరులో సుప్రీంకోర్టు మధ్యంతర ఆదేశం ఇచ్చింది. దానిని నమ్ముకొని కూర్చోవడం వివేకం కాదు.

తప్పు రుజువు చేయనక్కరలేకుండా 164వ సెక్షను కింద మరణానికి 5 లక్షలు, తీవ్ర గాయానికి 2.5 లక్షలు వస్తాయి. అది తీసుకుంటే 166 కింద అర్జీ పోతుంది, ఆలోచించి ఎంచుకోండి. గుద్దిన బండి దొరకకపోతే మరణానికి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50,000 ఇచ్చే పథకం వేరుగా ఉన్నది.

ఆసుపత్రి మంచం మీద ఖాళీ కాగితంపై సంతకం పెట్టవద్దు. "ఇంత ఇస్తాం, కేసు వద్దు" అని స్టాంపు కాగితం తెచ్చేవారితో తొందరపడి ఒప్పుకోవద్దు. స్త్రీలకు, షెడ్యూల్డు కులాలు, తెగలవారికి, వికలాంగులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా వకీలునిస్తుంది. లోక్ అదాలత్‌లో త్వరగా తేలుతుంది. కాని అక్కడి అవార్డుపై అప్పీలు లేదు, కనుక పై లెక్క వేసుకొని పోవాలి.

సమావేశంలో చర్చకు

మన సంఘంలో ఎందరి పాల పుస్తకాలు ఈనాటివరకు నింపి ఉన్నవి? పాలు పోసేవారి పేర ఎన్ని ఉన్నవి? పెద్ద రోడ్డు ఎక్కే చోట మన సభ్యులు బండి ఆపి రెండు పక్కలా చూస్తున్నారా? ఈ మూడవ ప్రశ్నకు అందరూ అవునంటే, మిగిలిన పాఠంతో పని పడకపోవచ్చును. అదే మా కోరిక.