గొంగళి - గొఱ్ఱెల మంద

“గొంగళిలో తినుచు వెండ్రుక లేరినట్లు” అను సామెతను ఈ యేడు తరగతిలో వివరింపబోగా, గొంగళిని చేతితో తాకినవారు ఇరువురు మాత్రమే యని తేలినది. సామెత నిలిచినది, వస్తువు జారిపోయినది. అందుచేత ఆ వస్తువును గూర్చి కొంత వ్రాయదలచితిమి.

తెలంగాణములోని మెట్టప్రాంతములందు కురుమ కుటుంబములు దక్కనీ జాతి గొఱ్ఱెలను పెంచి, వాని ఉన్నితో గొంగళ్లు నేయుచు వచ్చినవి. మందయు మగ్గమును ఒకే ఇంటివి. ఏటికి రెండు మారులు ఉన్ని కత్తిరింతురు. ఒక గొఱ్ఱె ఏడాదికిచ్చు ఉన్ని కిలోకు మించుట అరుదు. కనుక ఒక్క గొంగళికే పలు గొఱ్ఱెల ఉన్ని కావలయును. దానిని రంగులవారీగా వేరుచేసి వింటితో ఏకుదురు. (దూదేకుల సోదరులు ప్రత్తి నేకు విల్లును చూచినవారికి ఈ పని క్రొత్తగా తోచదు.) స్త్రీలు రాట్నముపై వడుకుదురు. పడుగునకు చింతగింజల గంజి పట్టించి ఆరబెట్టుదురు. అది లేనిచో పోగులు మగ్గముమీద తెగిపోవును. పిమ్మట పురుషులు గుంటమగ్గముపై నేయుదురు.

మెరీనో ఉన్నిపోగు సుమారు 20 మైక్రాన్లు. దక్కనీపోగు దానికి రెట్టింపు కన్న లావు. ఒంటికి గ్రుచ్చుకొనును. అయినను మందకాయువానికి అదే పక్క, అదే దుప్పటి, వానలో అదే గొడుగు.

ఉన్నికి మగ్గమొక్కటే దిక్కు కాదు. కాశ్మీరములో ఉన్నిని పరచి, సబ్బునీరు చల్లి, చాపలో చుట్టి తొక్కి ‘నమ్దా’ చేయుదురు. రాజస్థానములోని తోంకు పట్టణమును నమ్దాలకు పేరుపొందినదే. పోగులపైనుండు సూక్ష్మమైన పొలుసులు తడికిని ఒత్తిడికిని ఒకదానినొకటి పెనవేసికొని విడిపోవు. ముతక ఉన్ని అంత సులభముగ అట్టకట్టదు. మన కురుమలు నేతనే నమ్ముకొనిరి.

ఆ నేతకు దెబ్బ మగ్గమునుండి గాక మందనుండియే తగిలినది. ఇంటికి పొట్టేళ్ల అమ్మకము, రైతు పొలమున మంద నిలిపినందుకు వచ్చు ప్రతిఫలము, ఉన్ని - ఈ మూడును ఆధారములు. మాంసము ధర పెరుగగా దక్కనీ గొఱ్ఱెలను నెల్లూరు జాతి పొట్టేళ్లతో సంకరము చేసిరి. నెల్లూరు గొఱ్ఱెకు వెండ్రుకలే గాని ఉన్ని యుండదు. ఈనిక ఈనికకును మందలో ఉన్ని పలుచబడినది. 2017లో తెలంగాణ ప్రభుత్వము నూటికి 75 వంతుల రాయితీతో కుటుంబమునకు 20 గొఱ్ఱెలను, ఒక పొట్టేలును ఇచ్చు పథకమును ప్రారంభించినది. దాని దృష్టియు మాంసముపైననే. కాపరిని మేము తప్పుపట్టజాలము. పిల్లల ఫీజులు పొట్టేలు కట్టును గాని గొంగళి కట్టదు.

గొంగళిని తాకిన ఇరువురిలో ఒకడు కురుమ ఇంటివాడు. తాత మగ్గపుగుంటను పూడ్చి పైన నాపరాళ్లు పరచినారట. మంద ఇంకను ఉన్నది. మిగిలిన కొద్ది గొఱ్ఱెల ఉన్నిని కత్తిరించి చేనిగట్టున పారవేయుదురట. తాత గొంగళి మాత్రము పెట్టెలో భద్రముగ నున్నదనియు, వచ్చు వారము తరగతికి తెచ్చెదననియు చెప్పెను.