మెడ – మేడ: ఆన్‌లైన్ పాఠం నాకు నేర్పింది, నేర్పనిది

ఆన్‌లైన్ చదువు మంచిదా కాదా అని మన క్లాసులో వాదన వచ్చినప్పుడల్లా నేను రెండు పక్షాలూ మాట్లాడతానని స్నేహితురాళ్ళు నవ్వుతారు. కారణం ఉంది.

మాది ఒడిశాలోని కొరాపుట్ జిల్లా లక్ష్మీపూర్. నాన్నది తెలుగు, అమ్మది ఒడియా. బడిలో చదివింది ఒడియా. తెలుగు రాయడం ఇంట్లో నాన్న నేర్పారు. అందుకే మొదటి ఏడాది ఛందస్సు అంటే నాకు వణుకు. సెలవుల్లో ఇంటికెళ్ళి వీడియో పాఠాలు మొదలుపెట్టాను. డాబా ఎక్కితే గాని సిగ్నల్ అందదు. అయినా మేలే జరిగింది. ఒక్క పాఠాన్ని పదిసార్లు వెనక్కి తిప్పి విన్నాను, విసుక్కునేవారు లేరు. ఉత్పలమాలకు భ, ర, న, భ, భ, ర, వ గణాలనీ, యతి పదో అక్షరమనీ నోటికొచ్చింది. చివర్లో పెట్టిన బిట్లన్నీ సరిగ్గా పెట్టాను.

కాలేజీ తెరిచాక మేడమ్ నన్ను లేపి పద్యం చదవమన్నారు. రెండో పాదంలోనే ఆపి, "అమ్మా, అది మెడ కాదు, మేడ" అన్నారు. ఒడియా లిపిలో ఎ, ఏలకు ఒకటే అక్షరం. ఒ, ఓలకూ అంతే. నా చెవికి ఆ తేడా అలవాటు లేదు. మెడలో రెండూ లఘువులు, మేడలో మొదటిది గురువు. సూత్రం తెలిసినా నా నోట్లో గణం తప్పుతోంది! వీడియో నాకు వినిపించింది గాని, నన్ను వినలేదు.

కేంద్ర ప్రభుత్వం 2017లో 'స్వయం' పోర్టల్ ప్రారంభించింది. 2021 యూజీసీ నిబంధనల ప్రకారం ఒక సెమిస్టర్‌లో 40 శాతం దాకా కోర్సులు అందులో చేసే వీలుంది. మా ఊరి లాంటి చోట్ల ఉన్నవాళ్ళకు ఇది పెద్ద అవకాశం, వద్దనకూడదు. కానీ 1982లో మొదలైన, హైదరాబాదులోని సార్వత్రిక విశ్వవిద్యాలయం కూడా పుస్తకాలు ఇచ్చి ఊరుకోలేదు, అధ్యయన కేంద్రాల్లో తరగతులు పెట్టింది. దూరవిద్యకూ ఎదుట ఒక మనిషి కావాలన్నమాట.

నా మాట ఇది: వినాల్సింది వీడియోలో విందాం. వారానికి ఐదు నిమిషాలైనా, ఫోన్లోనైనా సరే, ఒక్కొక్కరి చేత చదివించి వినే ఏర్పాటు ఉండాలి. బిట్లు నా తప్పు పట్టలేకపోయాయి. మేడమ్ చెవి పట్టింది.