వరి కాండము తొలుచు పురుగు: తల్లి పురుగును గుర్తించుట

పొలములో తెల్లకంకులు కనబడిన తరువాత మందు కొరకు పరుగెత్తు రైతులు ప్రతి పంటకాలములోను ఉందురు. అప్పటికి ఆ కంకిలో గింజ పట్టు అవకాశము లేదు. పురుగు కాండము లోపల తన పని ముగించినది. మందుకు పెట్టిన డబ్బు దండుగ. పిలకల దశలో మొవ్వు ఎండి, లాగినంతనే ఊడివచ్చుటయు ఈ పురుగు పనియే. దీనిని పట్టవలసిన అదను ఇంతకు ముందే వచ్చును. ఆ అదనును తెలుపునది తల్లి రెక్కల పురుగు.

ఈ రెక్కల పురుగు పైరును తినదు. అందుచేతనే చాలమంది దానిని లెక్కచేయరు. కాని మీరు దానిని బాగుగా చూడుడు. ఆడ పురుగు ఎండుగడ్డి వంటి పసుపు వన్నెలో నుండును. ముందు రెక్కలు రెండింటికిని నడుమ, కాటుక పెట్టినట్లు ఒక్కొక్క నల్లని చుక్క యుండును. రెక్కలు ముడిచి ఆకుపై వాలినప్పుడు, వీపునకు అటొకటి ఇటొకటిగా రెండు చుక్కలును కనబడును. పొట్ట చివర లేత పసుపు వెండ్రుకల కుచ్చు ఉండును. మగది చిన్నది, గోధుమ వన్నెది; దాని చుక్కలు అంత స్పష్టముగా నుండవు. రెక్కలపై అలల వంటి ముదురు గీతలున్నచో అది ఆకుముడత పురుగు. దాని సంగతి వేరు.

ఆ వెండ్రుకల కుచ్చు ఊరక లేదు. ఆడ పురుగు ఆకు కొన దగ్గర 15 మొదలు 80 వరకు గుడ్లను ఒకే ముద్దగా పెట్టి, ఆ వెండ్రుకలతో కప్పివేయును. చూచుటకు ఆకున కంటిన ఉన్ని ముక్కవలె నుండును. 5 మొదలు 8 రోజులలో గుడ్లు పగిలి, పిల్ల పురుగులు దారము తీసి గాలికి ఊగుచు ప్రక్క దుబ్బులకు చేరి కాండములో దూరును. మీ చేతిలో నున్న గడువు ఆ వారమే.

కనుక నారు నాటుటకు ముందు ఆకు కొనలను త్రుంచుడు. త్రుంచిన కొనలను గట్టుమీద పారవేయక, గోనెసంచిలో పోగుచేసి దూరముగా తీసికొనిపోయి నాశనము చేయవలెను. నాటిన తరువాత ఎకరాకు 3 లింగాకర్షక బుట్టలు పెట్టుడు. వీనిలో రెండు చుక్కల పురుగు కొరకు వెదకి, లేదని ధైర్యపడకుడు. ఆడ పురుగు వాసనకు వచ్చునవి మగవి మాత్రమే. వారమునకు బుట్ట ఒక్కింటికి 25 మొదలు 30 పడినను, పొలములో చదరపు మీటరునకు ఒక తల్లి పురుగుగాని ఒక గుడ్ల ముద్దగాని కనబడినను, ఆలస్యము చేయక మీ వ్యవసాయాధికారి సలహాపై తగిన మందు వాడవలెను.

కోతవేళ పైరును నేలకు దగ్గరగా కోసి, మోళ్లను వెంటనే దున్నివేయుడు. పురుగులు ఆ మోళ్లలోనే దాగి యుండి తరువాతి పంటకు రెక్కలతో లేచివచ్చును.